తోక తీర్పు

పశువుల ఆసుపత్రిలో ఆయన పని, సూది వేసేటప్పుడు కుక్కల్ని కదలకుండా పట్టుకోవడం. ఎంత పొగరుబోతు కుక్కయినా ఆయన చంకలోంచి జారిందే లేదు. అందుకే అందరూ ఉడుంపట్టు అనేవారు. ఆయనా దాన్ని బిరుదులాగే మోసేవాడు.

ఇంట్లో మాత్రం ఆ పట్టుకే ఎసరొచ్చింది. ఇన్నాళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్న బావమరిది వేరే ఇల్లు చూసుకుని, "మొద్దుని నాతో తీసుకెళ్తా బావా" అన్నాడు. మొద్దు ఆయన చొక్కాలో దాచి తెచ్చి పెంచిన కుక్క. పిల్లల్లేని ఇంట్లో, సాయంత్రం తనకోసం గుమ్మంలో నిలబడే ప్రాణి అదొక్కటే అని ఆయన నమ్మకం.

"దాన్నే అడుగుదాం. అదేమంటే అది" అన్నాడు ధీమాగా.

ఆ ధీమా ఆసుపత్రి డాక్టరమ్మ పెట్టిన భిక్ష. ఇష్టమైనవాళ్ళు కనిపిస్తే కుక్క మెదడులో ఎడమ సగం చురుకవుతుందట. అది నడిపేది ఒంట్లో కుడి పక్కని, కాబట్టి తోక కుడికి ఎక్కువ ఊగుతుందట. బెదురు పుడితే కుడి సగం లేస్తుంది, తోక ఎడమకి మొగ్గుతుంది. అది విన్న రోజునుంచీ ఆయన మొద్దు ఎదుట చతికిలబడి పరీక్షిస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ కుడికే!

భార్యని సాక్షిగా పిలిచి, మొద్దుని నడవలో నిలబెట్టి, ఎదురుగా వెళ్ళాడు.

"చూడవోయ్, కుడికి!"

తర్వాత బావమరిది వంతు. ఆయన వాడి పక్కనే నిలబడి చూశాడు.

"ఎడమకి! ఇక ఒక్కడివే బయల్దేరు."

కుక్క వెనకనున్న భార్య చేతులు తుడుచుకుంటూ, "ఎవరి కుడండీ?" అంది.

"ఎవరిదేంటి? కుడంటే కుడే."

"మీరు దాని మొహం వైపున్నారు. ఇటొచ్చి చూడండి."

వెళ్ళాడు. బావమరిదిని చూస్తూ మొద్దు తోక కుడికి, మనసారా కుడికి ఊగుతోంది.

"మరి నాకు?"

ఆవిడ నేలకేసి చూసింది.

"పోనీలే బావా, తోకదేముంది!" అన్నాడు బావమరిది. వాడు వెక్కిరించినా బాగుండేది.

ఆయన తన చేతులు వాసన చూసుకున్నాడు. రోజంతా బెదిరిన కుక్కల్ని అదిమిన చేతులు, ఏ సబ్బుకీ లొంగని వాసన. అంటే ఇన్నేళ్ళూ గుమ్మంలో మొద్దు ఎదురుచూడలేదు, తనొస్తాడని బెదురుతో కాపు కాసింది.

టీకాల వేళకి బావమరిదే మొద్దుని ఆసుపత్రికి తెచ్చాడు.

"మీ కుక్కే కదూ?" అంది డాక్టరమ్మ.

"మా బావమరిదిదండీ" అని దాన్ని చంకలో ఇరికించుకున్నాడు. తోక వైపు చూడలేదు. సూది దిగింది. మొద్దు కదల్లేదు.

"అందుకే మిమ్మల్ని ఉడుంపట్టనేది!" అని మెచ్చుకుందావిడ.