ఖాదర్ అంకుల్ ఊదని విజిల్

డ్రెస్సింగ్ రూములో మా ఫిజియో నీలగిరి తైలం సీసా మూత తీసింది. కొత్తగా జట్టులో చేరిన అమ్మాయి మోకాలికి రాయడానికి. ఆ ఘాటు ముక్కుకి తగలగానే, షూ లేసు కట్టుకుంటున్న నా చేతులు ఆగిపోయాయి. నాకు అది తైలం వాసన కాదు, ఒక మనిషి రాక. రెండు మోకాళ్ళకీ ఆ తైలం పట్టించుకుని, బూడిదరంగు చొక్కా, మెడలో విజిల్‌తో శనివారం పొద్దున్నే మెల్‌బోర్న్ శివార్లలోని క్రెయిగీబర్న్ స్టేడియంలోకి నడిచి వచ్చే ఖాదర్ అంకుల్ రాక. నేను ఆస్ట్రేలియాలో బాస్కెట్‌బాల్ ఆడి బతుకుతున్నాను. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. జట్టులో నాది గార్డ్ స్థానం, అంటే బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపే పని. మా లీగ్‌లో నాకంటే పొట్టివాళ్ళు ఎవరూ లేరు. ఇంత చిన్న మనిషివి ఇన్నాళ్ళు ఎలా నిలబడ్డావని ఎవరైనా అడిగితే కోచ్‌ల పేర్లు చెబుతుంటాను. అవీ నిజమే. కానీ ముందు చెప్పవలసింది ఒక రిఫరీ పేరు.

మాది ఒంగోలు. నాన్నకి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికి మెల్‌బోర్న్ వచ్చేనాటికి నాకు ఏడేళ్ళు. చర్చిలో ఎవరో పిల్లని ఏదో ఒక ఆటలో చేర్పించమంటే, స్టేడియం ఇంటికి దగ్గరని బాస్కెట్‌బాల్‌లో చేర్పించారు. ఆ తొలిరోజుల్లోనే ఒక మ్యాచ్‌లో బంతితో బుట్ట కిందికి దూసుకుపోయి, నాకంటే చాలా పొడుగున్న పిల్లని గుద్దుకుని కింద పడ్డాను. విజిల్ మోగలేదు. ఇక్కడ తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధైర్యంతో నాన్న గ్యాలరీలో లేచి నిలబడి, "ఏమయ్యా, కళ్ళు కనపడటంలా? ఫౌలది" అని గట్టిగా అన్నాడు. గ్యాలరీ పక్కనుంచి పరుగెడుతున్న రిఫరీ తల కూడా తిప్పకుండా, "కనపడతాండాయి సార్. ఫౌల్ కాదది" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మ్యాచ్ అయ్యేదాకా నాన్న మళ్ళీ లేవలేదు.

ఆట అయ్యాక నాన్న వెళ్ళి క్షమించమని అడిగితే ఆయన హాయిగా నవ్వాడు. పేరు ఖాదర్, ఊరు కర్నూలట, చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకి గార్డ్‌గా ఆడాడట. ఇక్కడ వారమంతా కంప్యూటర్ ఉద్యోగం, వారాంతాల్లో పిల్లల మ్యాచ్‌లకి విజిల్. మనిషి కూడా పొట్టే, మా నాన్న భుజం దగ్గరికి వస్తాడు. నా ముందు మోకాళ్ళు కష్టంగా వంచి కూర్చుని, "పాపా, నువ్వు పడకముందే నా దిక్కు చూసినావు. పడినాక చూసింటే నమ్మేటోడినేమో" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా వారం తిరగ్గానే, మళ్ళీ ఆయన రిఫరీగా ఉన్న మ్యాచ్ ఎప్పుడని నాన్నని నేనే అడిగాను.

అలా మా రెండు కుటుంబాలూ దగ్గరయ్యాయి. నాకు పదిహేనేళ్ళు వచ్చాక అంకుల్ నా మెడలో ఒక విజిల్ వేసి, చిన్నపిల్లల మ్యాచ్‌లకి రిఫరీగా నిలబెట్టారు. ఆడేది మానేసి ఇదెందుకని గొణిగాను గానీ ఆయన వినలేదు. ఒక రోజు, చేతులు నిటారుగా పైకెత్తి కదలకుండా నిలబడిన ఒక పొడుగు పిల్ల మీదికి ఒక బుడ్డది వెళ్ళి పడింది. బుడ్డది పడింది కదా అని నేను విజిల్ ఊదేశాను. ఆ పొడుగు పిల్ల నాతో వాదించలేదు. తన చేతుల వంక చూసుకుంది, ఇవి ఇంకెక్కడ పెట్టుకోవాలి అన్నట్టు. ఆ చూపు ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు. అంకుల్‌తో చెబితే, మంచిదే, ఇంక నువ్వు ఆట అంతా చూస్తావు అని మాత్రం అన్నారు.

నిజంగానే రిఫరీ ఎక్కడ నిలబడతాడో, ఏ కోణంలో ఏది కనబడుతుందో నాకు బాగా పట్టుబడింది. యూనివర్సిటీ చదువు అయ్యేసరికి పెద్ద జట్టులో చోటు దొరికింది. నా ఆటంతా బుట్ట కిందే. నాకంటే అడుగు పొడుగున్నవాళ్ళు అడ్డుకోవడానికి చెయ్యి చాపేదాకా ఆగి, ఆ చేతి కిందికి భుజం తోసి షాట్ వేసేదాన్ని. చెయ్యి తగిలేది, విజిల్ మోగేది, ఎవరూ అడ్డురాకుండా బుట్టలో వేసుకునే ఫ్రీ త్రోలు దొరికేవి. అప్పటి నిబంధనల ప్రకారం అది సక్రమమైన ఆటే. పొట్టి గార్డులందరికీ అదే అన్నం పెట్టింది.

తర్వాత నిబంధన మారింది. సీజన్‌కి ముందు లీగ్ రిఫరీల పెద్ద ఒకాయన మా జట్టుకి వీడియోలు చూపించడానికి వచ్చారు. దాడి చేసే మనిషే కావాలని అడ్డుకునేవాళ్ళ మీదికి ఒరిగితే ఇకమీదట ఫౌల్ ఇవ్వరు. బుట్ట దగ్గర చిన్నగా తగిలితే ఆట ఆపరు. ఉదాహరణగా ఆయన వేసిన మొదటి క్లిప్‌లో ఉన్నది నేనే. గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సీజన్ మొదలయ్యాక నవ్వు మిగల్లేదు. లోపలికి వెళ్ళడం, గుద్దుకోవడం, నేల మీద పడటం, నేను లేచేలోపు అవతలి జట్టు బంతితో మా బుట్ట దాకా వెళ్ళిపోవడం. ప్రతి మ్యాచ్‌లో ఇదే. కోచ్ నన్ను బెంచి మీద కూర్చోబెట్టింది. మిగిలిన మ్యాచ్‌ల్లో ఆట మారకపోతే వచ్చే ఏడాదికి కాంట్రాక్టు ఇవ్వలేమని దాపరికం లేకుండా చెప్పింది.

అంకుల్ అప్పటికి మోకాలి ఆపరేషన్ అయి రిఫరీ పని మానేశారు. వాళ్ళింటికి వెళ్ళి ల్యాప్‌టాప్‌లో నా మ్యాచ్‌లు చూపించాను. ఆయన నాకు వత్తాసు పలుకుతారనే వెళ్ళాను. రెండుసార్లు చూసి, "రూల్ మంచిదే పాపా" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "మీరు కూడా short గార్డే కదా అంకుల్. మమ్మల్ని ఆటలోంచి గెంటేస్తున్నారు, మీరేమో మంచిదంటారా? That's not fair."

ఆయన కోప్పడలేదు. ఒక క్లిప్ వెనక్కి తిప్పి, బుట్టకి దూరంగా నేను బంతి తడుతూ నిలబడిన చోట ఆపారు. అవతలి అమ్మాయి చెయ్యి నా నడుం మీద ఉంది. "నువ్వు రూల్ సగమే విన్నావు. ఈ చెయ్యి పెడితే ఇప్పుడు వెంటనే ఊదుతాండారు. ముందు ఇట్ల ఊదేటోళ్ళు కాదు. బయట నిన్ను ఎవురూ ముట్టుకోగూడదు. ఆ జాగా నీకిచ్చినారు. నువ్వేమో అక్కడ నిలబడకుండా పాత ఇంటికే పరిగెత్తుతాండావు" అన్నారు.

ఆ వీడియోలు నేను ఎన్నోసార్లు చూసుకున్నాను. ప్రతిసారీ నేను పడ్డ చోటే చూశాను.

మరుసటి వారం నుంచి పొద్దున్నే వాళ్ళింటి దగ్గరి పార్కు కోర్టులో కలిసేవాళ్ళం. మెల్‌బోర్న్ చలికాలం, బంతి రాయిలా ఉండేది. బుట్ట ముందు అంకుల్ ఊతకర్ర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఇల్లు తుడిచే మాపు కర్రని తలపైకి ఎత్తి నిలబడేవారు. అది బుట్టకి కాపలా కాసే ఆరడుగుల నాలుగంగుళాల సెంటర్ చెయ్యి అన్నమాట. బయట నాకు దొరికిన ఆ జాగాలోంచి నేను పరుగున వచ్చి ఆయన్ని తాకకముందే ఆగాలి. ఆగి, మాపు పైనుంచి బంతిని మెత్తగా, బాగా ఎత్తుగా వదలాలి. మొదట్లో బంతి మాపుకి తగిలి పడేది, ఒకసారి ఆయన కళ్ళజోడుకే తగిలింది. కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ మాపు ఎత్తారు. అంకుల్ భార్య షహనాజ్ ఆంటీ ఫ్లాస్కుతో టీ తెచ్చి, ఇంట్లో నేల ఎవరు తుడుస్తారని ఆయన మీద విసుక్కునేవారు. ఆగడం అన్నిటికంటే కష్టమైంది. నా ఒంటికి గుద్దుకోవడమే అలవాటు. ఆగడం వచ్చాక బుట్ట దగ్గరైనట్టనిపించింది. కోచ్ కొంచెం కొంచెంగా నన్ను మళ్ళీ ఆడించసాగింది.

సీజన్ చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌కి అంకుల్ వచ్చారు. ఆట ముగుస్తుండగా మేము ఒక పాయింటు వెనక ఉన్నాం. నేను లోపలికి వెళ్ళాను. సెంటర్ చేతులెత్తి నిలబడింది. ఆగాను, పైనుంచి వదిలాను, పడింది. ఒక పాయింటు ముందుకొచ్చాం. కానీ నాకు బాగా గుర్తున్నది దాని తర్వాతిది. అవతలి జట్టు గార్డ్, నాకంటే బలమైన అమ్మాయి, బంతితో నా మీదికే వచ్చింది. నేను చేతులెత్తి కదలకుండా నిలబడ్డాను. ఆమె నా ఛాతీ మీదికి భుజం వేసి ఎగిరింది, ఇద్దరం పడ్డాం, బంతి బుట్ట అంచు తాకి బయటికి పోయింది. విజిల్ మోగలేదు. ఆట అయిపోయింది, మేము గెలిచాం. పాత రోజుల్లో అయితే అంత తగిలినందుకు ఫౌల్ నా మీదే ఊదేవాళ్ళేమో, మేము ఓడి ఉండేవాళ్ళం. పొట్టిదాన్నని నన్ను ఆటలోంచి తోస్తోందనుకున్న నిబంధనే ఆ రోజు నాతోపాటు చేతులెత్తి నిలబడింది.

అవతలి బెంచి రిఫరీ మీదికి లేచింది. ఆ రిఫరీ వయసులో చాలా చిన్న అమ్మాయి, కొత్తగా వచ్చినట్టుంది. ఎవరి వంకా చూడకుండా బంతి చంకలో పెట్టుకుని నడిచిపోతోంది. అంకుల్ గ్యాలరీ మెట్లు ఒక్కొక్కటే దిగి వస్తుంటే నన్ను మెచ్చుకోవడానికే అనుకుని ఎదురెళ్ళాను. ఆయన నన్ను దాటి నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళారు. తనూ రిఫరీగా చేశానని చెప్పి, ఊదకపోవడం సరైనదని, నిలబడాల్సిన చోటే నిలబడ్డావని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి, తల మాత్రం ఊపింది. తర్వాత ఆయన నా వైపు తిరిగి, ఆకలైతాంది పోదామా అన్నారు. గెలిచిన గర్వం మామూలే, మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ మనిషి పక్కన స్టేడియం నడవాలో నడిచిన గర్వం వేరు.

కాంట్రాక్టు వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. అంకుల్ ఇప్పుడు ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న డార్విన్‌లో, ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్న కూతురి దగ్గర ఉంటున్నారు. అక్కడి ఉక్కబోతలో మోకాళ్ళ నొప్పి లేదట. నా మ్యాచ్‌లన్నీ ఫోనులో చూసి, ముందు రిఫరీల గురించి మాట్లాడి, చివర్న నా గురించి ఒక మాట అంటారు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటి మా జట్టులో వేళాకోళం అయిపోయింది. గెలిచినా ఓడినా నేను రిఫరీల దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపి వస్తాను. మొన్న మేము ఓడిపోయాం. ఆట ముగిసే ముందు ఫౌల్ నా మీదే ఊదారు, దాంతోనే ఓడాం. మా వాళ్ళు తలలు దించుకుని లోపలికి పోతుంటే నేను వెనక్కి వెళ్ళి, మీరు ఊదింది సరైనదేనని చెప్పి చెయ్యి చాచాను. ఆ రిఫరీ నేను ఇంకేదో అంటానని కాసేపు ఎదురుచూశాడు. తర్వాత నా చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.