హెరాత్‌కు పోవాల్సిన ఆఖరి ఫోటో

నిన్న పొద్దున పెనుకొండ నుంచి ఫోన్. గంగాధర్ స్టూడియో పక్కన టీ కొట్టు నడిపే అతను.

"గంగాధరన్న పోయినాడన్నా" అన్నాడు.

"యాడికి?" అన్నాను.

నిజంగానే అడిగాను. ఎప్పుడు చూసినా కెమెరా బ్యాగ్ తగిలించుకుని ఎక్కడికో ఒకచోటికి పోయే మనిషి కదా. అవతల అతను ఏడ్చేశాడు.

అప్పుడు అర్థమైంది.

స్టూడియో షట్టర్ ఎత్తుతూ పడిపోయాడట. ఆస్పత్రి దాకా కూడా పోలేకపోయాడు. యాభై నాలుగేళ్లు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుటుంబం వాళ్లది. వీడు ఇరవై ఏళ్లకే మగ్గం వదిలి కెమెరా పట్టాడు. తీసేది పెనుకొండ చుట్టుపక్కల పెళ్లిళ్లు, ప్రింట్లు వేసేది హిందూపురంలో నా ల్యాబ్‌లో. మనసు మాత్రం ఊళ్లు తిరగడం మీదే.

మగ్గం వదిలేశాడన్న కోపంతో వాళ్లన్న నాగభూషణం మాట్లాడటం మానేశాడు. ఏళ్లకేళ్లు.

కొన్నేళ్ల కిందట గంగాధర్ ఉన్నట్టుండి ఆఫ్ఘనిస్తాన్ పోతానన్నాడు. హెరాత్ అనే ఊరు. అక్కడ కూడా పట్టు నేస్తారని ఎక్కడో చదివాడట. అందరం తిట్టాం. వింటేగా.

మూడు వారాలు ఉండి, చెక్కు చెదరకుండా తిరిగొచ్చాడు.

ఫోటోలు చూస్తే ఏమున్నాయి? రొట్టెల కొట్టు. పంక్చర్ షాపు. గడ్డం గీయించుకుంటూ నిద్రపోతున్న పెద్దాయన. నీలం గాజు గ్లాసులు ఊదే ముసలాయన.

ఆషాఢంలో కల్యాణ మండపాలు ఎలాగూ ఖాళీ. హిందూపురంలో ఒక మండపం భోజనాల హాల్లో రెండు రోజులు ఎగ్జిబిషన్ పెట్టాం. జనం బాగానే వచ్చారు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"తుపాకులు యాడుండాయప్పా?"

బెల్లం మండీ నడిపే ఒకాయన మొత్తం తిరిగి చూసి పెదవి విరిచాడు. "ఇది మన మార్కెట్ మాదిరే ఉండాది కదప్పా. దీనికోసరం అంత దూరం పోవల్లా?"

నాకు ఒళ్లు మండింది. గంగాధర్ మాత్రం ఆ మాటను రోజంతా కనిపించినవాళ్లకల్లా చెప్పుకుని మురిసిపోయాడు.

రెండో రోజు వాళ్లన్న వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ధర్మవరంలో రైలెక్కి వచ్చేశాడు. నేరుగా పోయి, హెరాత్ నేతగాడు మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న ఫోటో ముందు నిలబడ్డాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను.

కళ్లద్దాలు తీసి పంచెకు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఈడ పోగు తెగిండాది. ఎదురుగా నిలబడుకోని ఫోటో తీస్తాంటివి కదా, చెప్పలేదా వానికి?"

నేనూ వంగి చూశాను. నాకేమీ కనబడలేదు. గంగాధర్ మొహం మాత్రం పాలిపోయింది.

"చూడలేదన్నా" అన్నాడు.

అన్నేళ్ల తర్వాత అన్నదమ్ముల మొదటి మాటలు అవి. ఆ తర్వాత ఇద్దరూ బయటికి పోయి టీ తాగారు. ఆ రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

గంగాధర్‌కు ఒక పట్టుదల ఉండేది. "కాపీ ఇయ్యని ఫోటో దొంగసొమ్ముతో సమానం" అనేవాడు. పెళ్లిళ్లలో వంటవాళ్లకు కూడా ప్రింట్ ఇచ్చేవాడు.

హెరాత్‌లోనూ అందరికీ మాటిచ్చి వచ్చాడు. నా దగ్గర ప్రింట్లు వేయించుకుని, వెనకాల అడ్రసులు రాశాడు. తెలుగులో!

"మసీదు తూర్పు వాకిలి, మూడో కొట్టు, ముందు పన్ను లేనాయన."

"ఆడ తెలుగు ఎవరు చదువుతార్రా?" అంటే అప్పుడు తల గోక్కున్నాడు.

అదృష్టం కొద్దీ బెంగళూరులో చదువుకునే ఫరీద్ అనే కుర్రాడు దొరికాడు. సొంతూరు హెరాతే. సెలవులకు పోతూ ప్రింట్లు పట్టుకెళ్లాడు. గంగాధర్ ఫోన్లో వచ్చీరాని హిందీలో గుర్తులు చెప్పడం, అతను వీధివీధీ తిరిగి ఇవ్వడం. పంక్చర్ షాపాయన తన ఫోటోను పట్టుకుని నవ్వుతున్న ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. పాస్‌పోర్ట్ ఫోటో కోసం వచ్చినవాళ్లను కూడా కూర్చోబెట్టి అది చూపించేవాడు.

ఒక్కటి మాత్రం పంపలేదు. నేతగాడిది.

"తెగిన పోగుతో తీసిన ఫోటో, నేసేవానికి ఎట్ల ఇచ్చేది? మళ్లా పోతా. బాగా తీసి ఇస్తా" అనేవాడు.

తర్వాత అక్కడ పరిస్థితులు మారిపోయాయి. గంగాధర్‌కు పోయే దారే లేదు. అయినా ఆ ప్రింటును కవర్లో పెట్టి నా ల్యాబ్‌లోనే ఉంచాడు.

పోయిన నెల నేను గట్టిగా అనేశాను. "మాటిచ్చి ఇన్నేళ్లాయ. ఆ నేసే ఆయప్ప నిన్ను దొంగ అనుకుంటాంటాడు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. బ్యాగ్ తగిలించుకుని లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. చేద్దాంలే, ఎక్కడికి పోతాడు అనుకున్నాను. దానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నిన్న సాయంత్రం ధర్మవరంలో అంతా అయిపోయాక నాగభూషణం అన్నను అడిగాను, ఆ ఫోటో ఏం చేయమంటావని.

"పంపియ్యప్పా" అన్నాడు. "పోగులు దినామూ తెగుతాంటాయి. ఆయప్ప ఆ పొద్దే దాన్ని అతుక్కోని ఉంటాడు."

"ఈ మాట గంగాధర్‌తో ఎప్పుడన్నా అన్నావా?"

కళ్లద్దాలు తీసి పంచెకు తుడుచుకున్నాడు.

"వాడు అడగలేదు కదప్పా" అన్నాడు.

ఈ రోజు ఫరీద్‌తో మాట్లాడాను. ఇప్పటికీ బెంగళూరులోనే ఉన్నాడు. నెలాఖరుకు ఊరికి పోతున్నాడట. కవర్ రేపు బెంగళూరు బస్సులో నేనే తీసుకెళ్లి ఇస్తాను.

గంగాధరా, అందరి కాపీలూ ఇచ్చేసినట్టే. ఇంక నిమ్మళంగా ఉండు.