అరుగు మీద మిగిలిన దండ

చిట్కుల్‌లో మా పక్కింటి కాక మొన్న సోమవారం పోయాడు. మమ్మల్ని అనంతగిరి కొండలెక్కించిన మనిషి, ఆఖరికి మంచం నుంచి తలుపు దాకా నడవలేకపోయాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇది రాస్తుంటే నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వస్తోంది.

తొంభైలలో మేమిద్దరం ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. సెలవు దొరికితే చాలు, దోస్తులందరినీ కొండలకు బయల్దేరదీసేవాడు. ముందురోజు సాయంత్రం ఆయన అరుగు మీద సంచులు విప్పి పరచాలి. ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకుని, "ఇది లేకుంటే ఏమైతది?" అని అడిగేవాడు. జవాబు తడుముకున్నామా, అది అరుగు మీదే ఉండిపోయేది.

మొదటిసారి నేను మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్, ట్రాన్సిస్టర్, కొత్త బూట్లతో తయారయ్యాను. నీళ్ల సీసా మాత్రం లేదు.

"వాగులుంటయి కద కాకా?"

"ఫ్యాక్టరీ పడ్డంక మన వాగు నీళ్లు బర్రె గూడ ముడుతలేదు, సూస్తలేవా? ఎవని నీళ్లు వాడే మోసుకోవాలె."

క్యారియర్ తీసేసి రొట్టెలు బట్టలో చుట్టించాడు. "గీ బూట్లు పెండ్లికి ఏస్కో. కొండకు పాతయే మంచిగుంటయి," అన్నాడు. నేను వినలేదు. దిగేటప్పుడు మడమలు రెండూ ఒరుసుకుపోయాయి. కాక తిట్టుకుంటూనే కట్టు కట్టి, తన చెప్పులు నాకిచ్చి, ఉత్త కాళ్లతో కొండ దిగాడు.

మా కాళ్ల గురించి అంత ఆలోచించే మనిషికి పని యాసిడ్ ట్యాంకుల దగ్గర. మాస్కు ఇవ్వమని స్టోరు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో! ఒకసారి నేనూ పక్కనే ఉన్నాను. స్టోరు బాబు తలైనా ఎత్తలేదు.

"అది లేకుంటే ఏమైతది? దస్తీ కట్టుకో."

నాకు ఒళ్లు మండింది. కాక దస్తీ తడిపి మూతికి కట్టుకున్నాడు. ఏళ్ల తరబడి అట్లాగే పనిచేశాడు. మాలో ఒక్కడంటే ఒక్కడు నోరెత్తలేదు. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

కాక పాడె లేపే ముందు ఫ్యాక్టరీ జీపు వచ్చింది. తలుపంత పూలదండ తెచ్చిన ఆఫీసరు, "ఎక్కడ పెట్టాలె?" అని నన్నే అడిగాడు.

"ఇది లేకుంటే ఏమైతది సార్?" అన్నాను.

ఆయన తడుముకున్నాడు. దండ అరుగు మీదే ఉండిపోయింది. మేం కాకను ఎత్తుకుని నడిచాం.