మూడు చింతపిక్కల కబురు

మా మనవరాలి బల్ల మీద ఒక నల్లపెట్టె ఉంటుంది. రెండు కొమ్ములు, నాలుగు పచ్చ దీపాలు. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండడం వల్ల అది వేడెక్కుతుంది, దాని మీది దుమ్ము కాగుతుంది, ఎండకు ఆరేసిన జనపనార గోనె వాసన లాంటిది ఒకటి గదంతా పట్టుకుంటుంది. మనిషి లేని చోట దీపం వెలిగితే నేను సహించలేను. మొన్న మధ్యాహ్నం వెళ్లి దాని మీట నొక్కేశాను.

లోపలి గదిలోంచి రింకు పరుగెత్తుకొచ్చింది. “ఏటి సేసినావమ్మమ్మా! దాఁడావ్, ఆగు, దాన్ని ముట్టుకోకు! కిలాసు మజ్జిలో ఉన్నాను!”

“మనిసి నేని గదిలో నాలుగు దీపాలేలే?”

“అయ్యి దీపాలు కావు. మాటలు ఎల్తన్నాయి.”

అది చదివేదే ఆ చదువు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో. నా వల్ల పాఠం చెడిందని నాకే ఆ పాఠం చెప్పింది, కోపంగా. మనం పంపే మాట మొత్తంగా వెళ్లదట. ముక్కలైపోతుందట. ఒక్కో ముక్క మీద అంకె ఉంటుందట, వెళ్లవలసిన చోటు ఉంటుందట. అవతలివాళ్లు అంకెల వరసన ముక్కలన్నీ అతికించుకుని, అందింది అని తిరిగి చెబుతారట. ఆ తిరుగు మాట రాకపోతే పంపినవాళ్లు మళ్లీ పంపుతారట, వచ్చేదాకా.

నా చదువు మూడో తరగతితో సరి. అయినా ఆ పాఠం నాకు కొత్త కాదు. పదేళ్ల వయసులో నేను ఒక ముక్కను మోశాను.

కలకత్తాలో ఖిదిర్‌పూర్ డాకు, అదే ఓడరేవు, వెనక కూలీ లైన్లలో ఉండేవాళ్లం. ఎర్రజెండా ప్రభుత్వం కొత్తగా వచ్చిన రోజులు. గోడల నిండా కొడవళ్లూ సుత్తులూ, సాయంత్రమయ్యేసరికి కరెంటు పోవడం, కిరసనాయిలు పొగలో ఎండుచేపలు కాలే వాసన, వానాకాలమైతే కాలువ పొంగి గడపలోకి వచ్చే నల్లనీళ్లు, వాటి మీద తేలే తారు రంగులు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఇళ్లే అన్నీ. పొద్దున్న చోడంబలి తాగి మగవాళ్లు డాకులోకి పోతే, గేటు దాటి లోపలికి ఆడవాళ్లకీ పిల్లలకీ దారి లేదు. ఇంట్లో ఏం జరిగినా లోపలున్న మనిషికి కబురు పంపాలి. ఆ కబుర్లన్నిటికీ పెద్ద దిక్కు దాలమ్మ పెద్దమ్మ. ఎవరికీ వరసకు పెద్దమ్మ కాదు, లైను మొత్తానికి పెద్దమ్మ. అక్షరం ముక్క రాదు.

పిల్లల నోటికి పెద్ద కబురిస్తే దారిలో సగం ఒలికిపోతుందని ఆవిడ నమ్మకం. అందుకని కబురును మూడు ముక్కలు చేసేది. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, ఎవరి ముక్క వాళ్ల చెవిలోనే ఊది, మూడుసార్లు తిరిగి చెప్పించుకునేది. మొదటి పిల్ల చేతిలో ఒక చింతపిక్క, రెండో పిల్ల చేతిలో రెండు, మూడో పిల్ల చేతిలో మూడు పెట్టేది. కలిసి వెళితే ఆటలో పడతామని విడివిడిగా, ఒకరు మలుపు తిరిగాక ఇంకొకరిని పంపేది. మేము గేటు దగ్గర చాయ్ దాదాకు చెబితే, మా తెలుగు సగం వచ్చిన ఆ బెంగాలీ మనిషి కెటిలుతో పాటు కబురునూ పిక్కలనూ లోపలికి మోసేవాడు. ముక్కలన్నీ అందాక లోపలి మనిషి గోనె సుతిలి తాడు జానెడు తెంపి పంపాలి. మూడో పిల్ల దాన్ని తేవాలి. అది వచ్చేదాకా పెద్దమ్మ కొంగుకు ముడి వేసుకుని గుమ్మంలోనే నిలబడేది. సుతిలి రాకపోతే మూడు ముక్కలూ మళ్లీ మొదటి నుంచి పంపేది. కబురు పాడు చేసిన పిల్లను కొట్టేది కాదు. మరెన్నడూ పిలిచేది కాదు. మా లైనులో ఆడపిల్లకు అంతకంటే అవమానం లేదు.

విశ్వకర్మ పూజకు వారం ఉంది. ఆ రోజుల్లో కలకత్తా ఆకాశం చూడాలి. ఎర్రవీ పచ్చవీ చారలవీ గాలిపటాలు, పటం తెగిందంటే మేడల మీంచి ‘భో కాట్టా’ అని అరుపులు, గాజుపొడి మాంజా దారం ఆరేసిన కరెంటు స్తంభాలు, దాని మీద వేలు పెట్టి కోసుకున్న పిల్లల ఏడుపులు. ఆ మధ్యాహ్నం మా అమ్మకు నొప్పులొచ్చాయి. నెలలు పూర్తిగా నిండలేదు. పెద్దమ్మ రిక్షాకు మనిషిని పంపి, డాకులో ఉన్న మా అయ్యకు కబురు చేరవేయడానికి మా ముగ్గురినీ పిలిచింది. మొదటి ముక్క తన కూతురు రవణకు. రెండోది మా చెల్లి సీతాలుకు. మూడోది నాకు: “సూటిగా భవానీపూర్ పురిటాసుపత్రికి రా. అది నిన్నే కలవరిస్తంది.”

గేటు ఇంకా నాలుగు అంగల దూరంలో ఉంది. సరిగ్గా నా తల మీద ఒక గాలిపటం తెగింది. నెమలికంఠం రంగు. అంత మంచి రంగు కాగితం ఊరికే దొరికే ఇంట్లో పుట్టలేదు నేను. పరుగెత్తాను. గోదాముల మధ్య, లారీల కింద, బురదలో. అది చివరికి ఒక గోడ అవతల పడింది. తిరిగొచ్చేసరికి పిడికిట్లో పిక్కలు లేవు. చాయ్ దాదా కెటిలు పట్టుకుని లోపలికి పోయాడు, బెంచీ ఖాళీగా ఉంది. ఎప్పుడు తిరిగొస్తాడో తెలియదు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంటుంది. అమ్మకు నొప్పులన్న మాట రవణ ముక్కలోనే ఉండి ఉంటుంది, అయ్య ఎలాగూ ఇంటికి పరుగెత్తుకొస్తాడు అనుకున్నాను. లారీ మీది గోనెలోంచి జానెడు సుతిలి లాగాను.

పెద్దమ్మ ఆ తాడు చూసి కొంగు ముడి విప్పింది. “అమ్మయ్య, ఆడొస్తాడు,” అంది. అమ్మను రిక్షా ఎక్కించి తనూ ఎక్కింది. అమ్మ నా నెత్తి నిమిరి, “మీ అయ్యకి సెప్పొచ్చినావా తల్లీ?” అంది. తలూపాను.

రిక్షా మలుపు తిరిగాక సీతాలును అడిగాను, దాని ముక్క ఏమిటని. పని పూర్తయింది కాబట్టి గర్వంగా చెప్పింది: “ఇంటికి రావద్దు.”

ఆ తర్వాత నేను ఎక్కడా కూర్చోలేదు. గుమ్మంలోకి, వీధిలోకి, మళ్లీ గుమ్మంలోకి. పొయ్యి మీద అంబలి అడుగంటుతుంటే చూస్తూ ఊరుకున్నాను. అమ్మకు నొప్పులు, ఇంటికి రావద్దు. అయ్యకు ఆ రెండే అందాయి. మూడో ముక్క కోసం ఆయన చూస్తూ ఉంటాడు. అందకపోతే పెద్దమ్మ మళ్లీ పంపుతుందని ఆయన ధీమా. నా తాడు చూసుకుని పెద్దమ్మ ధీమా. ఇక ఎవరూ ఎవరికీ ఏదీ పంపరు. రవణకు సీతాలును అప్పజెప్పి, చెప్పులైనా వేసుకోకుండా గేటుకు పరుగెత్తాను. చాయ్ దాదా నన్ను చూస్తూనే, “ఎక్కడికి పోయావు రే ఖుకీ? మీ బాబా రెండుసార్లు నన్ను పంపాడు చూసి రమ్మని!” అని లోపలికి పోయాడు.

అయ్య ఒళ్లంతా సిమెంటు పొడితో వచ్చాడు. గుప్పెట విప్పితే మూడు పిక్కలు చెమటకు తడిసి ఉన్నాయి. రవణది ఒకటి, సీతాలువి రెండు.

“నీ మూడూ ఏయే?” అన్నాడు.

పారేసుకున్నానని, భవానీపూర్ పురిటాసుపత్రికి రమ్మన్నారని అప్పుడు చెప్పాను. బస్సు ఎక్కాం. దారిలో ఎవరిదో ఊరేగింపు, ఎర్రజెండాలు తెగకుండా పోతూనే ఉన్నాయి. అయ్య కండక్టరుతో గొడవపడి బస్సు దిగేశాడు. ఆయన వెనక నేను, ట్రాము పట్టాల వెంట, భవానీపూర్ దాకా. మధ్యలో ఒక్కసారి ఆగాడు, పెద్దమ్మ కబురు మళ్లీ ఎందుకు పంపలేదో అప్పుడే తట్టినట్టు.

“సుతిలి ఎవులిచ్చినారు?”

“నాకు నానే లాక్కున్నాను.”

మళ్లీ నడక మొదలుపెట్టాడు. “మీ పెద్దమ్మ దెగ్గిర నోరిప్పకు. నాను సెప్తాను,” అన్నాడు.

తమ్ముడు అప్పటికే పుట్టాడు. పిడికెడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నొప్పులు పడినంతసేపూ గుమ్మంకేసే చూసిందట. పెద్దమ్మ వరండాలోనే అయ్యను నిలదీసింది. “సుతిలి పంపినావు గదరా అప్పన్నా! పంపి కూడా రానేదేటిరా?”

నేను పంపలేదు అనడానికి ఆయనకు ఒక్క మాట చాలు. ఆయన తల వంచుకుని, “ఓడ మీద పని వొదలనేకపోయినాను,” అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో ముప్ఫై ఏళ్లు నడిచింది. “పురిటి నొప్పులప్పుడు గుమ్మం తొక్కని మనిసి, పులుసులో ఉప్పు తగ్గిందని సెప్తన్నాడు సూడు,” అని అమ్మ వడ్డిస్తూ అనేది. విశ్వకర్మ పూజ నాటి ఖిచుడీ తింటూ అనేది. తమ్ముడి పెళ్లిలో వియ్యాలవారి ముందూ అంది. అయ్య నమలడం ఆపేవాడు కాదు. నేను లేచి చెయ్యి కడుక్కునేదాన్ని. చెప్పాలనుకున్న రోజున అమ్మ కోపంగా ఉండేది, అమ్మ నవ్వుతున్న రోజున చెడగొట్టబుద్ధయ్యేది కాదు. ముందు అయ్య పోయాడు. ఏడాది తిరక్కుండా అమ్మ పోయింది.

లైన్లు ఇప్పుడు లేవు. దాలమ్మ పెద్దమ్మ లేదు, చాయ్ దాదా బెంచీ ఉన్నచోట ఇనుప కంచె వేశారు. సుతిలి తాడు అడిగితే కొట్టువాడు ప్లాస్టిక్ తాడు తీస్తాడు. చింతపిక్కలు ఏరి డబ్బాలో దాచేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

మొన్న పాఠమంతా విన్నాక రింకును ఒకటే అడిగాను. “అందకుండానే అందిందని ఎవులైనా సెప్తే?”

అది నవ్వింది. “అలగ ఎవులు సెప్తారమ్మమ్మా?”

లేచి వెళ్లి, నేను ఆర్పిన పెట్టె మీట నేనే మళ్లీ నొక్కాను. పచ్చదీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. దుమ్ము కాగడం మొదలైంది, గోనె వాసన వచ్చింది. అప్పటి నుంచి దాన్ని ఆర్పడం లేదు. దాని పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను, మూడో తరగతి అక్షరాలతో, పక్కన మూడు పిక్కలు పెట్టుకుని.

అమ్మా, అయ్యకు ఆ కబురు అందలేదు. నేను చెప్పలేదు.