వెలుగెరుగని రొయ్య

పిల్బరా ఎడారి ఎర్రనేల మీద ఏ బోరు మూత తీసినా, అక్కడి ఆదివాసి పెద్దావిడ మర్టిల్ ముందుగా గుప్పెడు మట్టి తీసి, నీరు తనను గుర్తుపట్టేలా చంక వాసన అంటించి గొట్టం పక్కన చల్లుతుంది. "నేనే, మర్టిల్‌ని! ఈ పిల్ల ఇంగ్రిడ్, పరీక్షలు చేసేది. మంచిదే, కాస్త వాగుడెక్కువ" అని నీటికి కేకేసి చెబుతుంది. ఆ తర్వాతే వల దించడం. మొరటు చేతులే అయినా తాడు అదరనివ్వదు. ఇనుపగని వాళ్ళు గొయ్యి ఇంకా లోతు చేయాలని ఇక్కడి భూగర్భజలం తోడేస్తామంటున్నారు. ఆ నీటిలో ప్రాణి ఉందని తేలితేనే పని ఆగి, మళ్ళీ విచారణ జరుగుతుంది. ఇది ఆఖరి బోరు. మిగతావాటిలో బురదే వచ్చింది.

"ఇక్కడా బురదే పిన్నీ" అంది ఇంగ్రిడ్, వలను పళ్ళెంలో జాడిస్తూ.

"నీ నోట్లో బురద! ఆగు... అదేంటే, కదులుతోంది?"

బియ్యపుగింజంత కూడా లేని తెల్లటి రొయ్య. గాజులా లోపలంతా కనిపిస్తోంది. కళ్ళుండాల్సిన చోట ఏమీ లేదు. మర్టిల్ టోపీ తీసి పళ్ళేనికి నీడ పట్టింది.

"దీని వంశంలో ఎండ తగిలింది దీనికే మొదలు."

"కళ్ళే లేవుగా పిన్నీ, దానికేం తెలుస్తుంది?"

"ఒంటికి తెలీదూ?"

ఇంగ్రిడ్ కూడా తన టోపీ తీసి, రెండోవైపు నీడ పట్టింది.