గంగిరెద్దు వెనక రైలు

పాలిటెక్నిక్ పూర్తయిన ఏడాది, దసరాకి మా ముందుగదిలో రైలు నడిపాను. కీ ఇచ్చి వదిలే బొమ్మ కాదు. అసలు కొలతల్లో వందో వంతుకు కాగితం మీద గీసి, ప్లైవుడ్ మీద కట్టింది. ఇంజనులో పాత టేప్ రికార్డర్ మోటారు, పట్టాలకు ఇత్తడి రేకు, స్లీపర్లకు వెదురు బద్దలు, పెట్టెలకు దళసరి అట్ట. సామర్లకోట దాటాక చేల మధ్య సాగే రైలు కట్టను నమూనాగా తీసుకున్నాను. కొండా సొరంగమూ లేకుండా ఏం బాగుంటుందని ఒక స్నేహితుడు పెదవి విరిచాడు. కట్ట, తూము, కాలువ, వరిచేను సరిగ్గా కుదిరితే ఇంకేమీ అక్కర్లేదని నా నమ్మకం.

చిక్కు చోటు దగ్గర వచ్చింది. అంత ప్లైవుడ్ పట్టేది ముందుగది ఒక్కటే. దసరాకి అమ్మ బొమ్మల కొలువు పెట్టేదీ అక్కడే. రెండూ కలిపి పెట్టుకుందామంది అమ్మ. నేనూ సరేనన్నాను, బొమ్మల్ని కొలిచి చూసేదాకా. గంగిరెద్దు నా రైలుపెట్టెకి రెండింతల పైన ఎత్తుంది. పల్లకీ మోసే బోయీల్ని కట్ట పక్కన నిలబెడితే రైలు వాళ్ళ మోకాళ్ళ దగ్గర పోతోంది. బొమ్మలన్నిటినీ మూడు రకాలు చేశాను: రైలు పక్కన నప్పేవి, దూరంగా పెట్టాల్సినవి, ఈ ఏడాదికి పెట్టెలోనే ఉండాల్సినవి. మొదటి రకంలో ఒక్కటీ లేదు.

ఆ బొమ్మలు అమ్మకి వాళ్ళమ్మ ఇచ్చినవి. కోప్పడకుండా, గంగిరెద్దుని కొంగుతో తుడుస్తూ అంది: "ఇవి బయటికి రాకపోతే నేను కొలువే పెట్టన్రా. పేరంటాళ్ళకి నీ రైలే చూపించుకో."

అన్నదంటే చేసే మనిషి. అప్పటికే వీధిలో పిలుపులు కూడా అయిపోయాయి.

మర్నాడు పెద్దాపురం నుంచి సైకిల్ మీద వస్తుంటే చేలకవతల రైలు కనిపించింది. ఇవతల గట్టు మీద ఒక గేదె మేస్తోంది. దాని వీపు చాటు నుంచి పెట్టెలు ఒకటొకటిగా బయటికి వస్తున్నాయి. గేదె పెద్దది, రైలు చిన్నది. చూడ్డానికి అందులో తప్పేమీ లేదు.

ఇంటికి రాగానే ప్లాను మార్చి గీశాను. కట్టను ప్లైవుడ్ వెనక అంచుకు జరిపాను. రైలు తిరిగి వచ్చే పట్టా ఆకాశం రంగు వేసిన తెర వెనక్కి పోయింది. చేలగట్లు ముందు వెడల్పు, వెనక్కి వెళ్ళేకొద్దీ సన్నం. కొబ్బరిచెట్లు దూరమయ్యేకొద్దీ పొట్టి. చేలుగా పరిచిన రంపపు పొట్టుకి ముందు ముదురాకుపచ్చ, వెనక లేతాకుపచ్చ. అమ్మ బొమ్మలన్నీ ముందు గట్టు మీద. ఈ ఏర్పాటు ఒక్క ఎత్తు నుంచి చూస్తేనే పనిచేస్తుంది. పేరంటాళ్ళు చాప మీద కూర్చుంటారు కాబట్టి అమ్మను అక్కడ కూర్చోబెట్టి, నేల నుంచి కంటిదాకా టేపు పట్టాను.

"జాకెట్టుకైనా ఇన్ని కొలతలు తియ్యర్రా," అంది. కానీ కదలకుండా కూర్చుంది. ప్లైవుడ్‌ని ఆ కంటికి జానెడు కిందుగా నిలబెట్టాను.

పేరంటం నాడు గది నిండింది. స్విచ్ వేశాను. ఇంజను కొబ్బరిచెట్లు దాటి, పల్లకీ చాటుకెళ్ళి, మళ్ళీ కనిపించింది. తమ చేలో నిలబడి చూసినట్టే ఉందని ఒకావిడ పక్కావిడతో అంది. అమ్మ విననట్టే ఉండి శనగలు పంచింది.

అప్పుడే మావయ్య వచ్చి, గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంట్రా ఇంజనీరూ, ఎద్దు పొట్ట కింద నుంచి దూరిపోయేలా ఉంది నీ రైలు."

కంటి ఎత్తు గురించి చెప్పబోయాను. అమ్మ నాకా అవకాశం ఇవ్వలేదు.

"నిలబడి చూస్తే అలాగే ఉంటుంది అన్నయ్యా. ముందు కింద కూర్చో."

మావయ్య పంచె సర్దుకుని చాప చివర కూర్చున్నాడు. రైలింకా తెర వెనకే ఉంది. అది గంగిరెద్దు చాటు నుంచి ఆఖరి పెట్టెతో సహా బయటికి వచ్చేదాకా అమ్మ ఆయన్ని లేవనివ్వలేదు.