సబ్బు తగలని రాచ్చిప్ప

దేవరయాంజాల్ నుంచి ఆటోలో వచ్చే సత్యమ్మకు శామీర్‌పేట కాలనీలోని ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలిన పని, గిన్నెలు కడిగే మిషన్లో పెట్టకూడనివి కడగడమే. ఇనుప పెనం, చెక్క గరిటెలు, ఇంటి పెద్దావిడ కామేశ్వరమ్మగారు పులుసు కాచిన రాతిగిన్నె, ఆ రాచ్చిప్ప. రాచ్చిప్పను శనగపిండితో మెల్లగా రుద్ది, నీళ్లు పోసేముందు చెయ్యి ఆపుతుంది. "సత్యమ్మా, సబ్బు తగలనివ్వకు!" అన్న ఆవిడ కేక పక్కగదిలోంచి వినిపించాలి, పన్నెండేళ్ల అలవాటు. ఆవిడ పోయి ఏడాదైనా ఆ చెయ్యి ఆగుతూనే ఉంది.

మొన్న కోడలు హరిచందన తెలియక దాన్ని మిషన్లో పెట్టేసింది. నల్లటి రాయి పాలిపోయి సబ్బు వాసన కొట్టింది. "పారేద్దాంలే సత్యమ్మా," అంది. "ఏం మాటంటిరమ్మా! మూడు దినాలు ఆగుండ్రి, నేన్ జూస్త," అని సత్యమ్మ రోజూ అందులో గంజి కాచి పారబోసింది. మూడోనాడు పొయ్యి మీద అందులో ఉత్త నీళ్లే మరుగుతుంటే, వంటింటినిండా ఇంగువ వేసిన చింతపండు పులుసు వాసన కమ్ముకుంది. "అత్తయ్యగారి పులుసు! ఏం వేశావు ఇందులో?" హరిచందన గిన్నెలోకి వంగి చూసింది. "నేనేమేస్తనమ్మా? గవి నీళ్లే." సత్యమ్మ దాన్ని దించి, చల్లారాక శనగపిండితో రుద్ది, ఎప్పటిలాగే చెయ్యి ఆపింది. ఈసారి హరిచందన కూడా పక్కగది వైపు చెవి పెట్టి నిలబడింది.